మోడల్ రైల్వేకి డీసీసీ: ఎవరికి ఏ డబ్బా పనికొస్తుంది

మా ఇంట్లో వెనక గదిలో గోడ పొడవునా 11 అడుగుల బల్ల ఉంది. దాని మీద హెచ్‌ఓ సైజు (అసలు రైలులో 87వ వంతు) ట్రాక్, ఒక చిన్న స్టేషన్, మూడు లైన్ల యార్డు, అయిదు ఇంజిన్లు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ముందు బాగుంది అంటారు, కాసేపాగి ఎంతైందని అడుగుతారు. ఇదే పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం నేరుగా బల్ల కిందికి వంగి చూసి, "డీసీసీకి ఏది వాడుతున్నావు, నేను ఏది కొనాలి?" అంటారు. ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నా. ఇందులో నా ఇష్టాయిష్టాలు ఉన్నాయి, దాచను.

ముందు అసలు డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్, కావాలా అన్నది తేల్చుకోండి. మామూలు డీసీ కంట్రోలర్‌లో నాబ్ తిప్పితే పట్టాల్లోకి వెళ్లే వోల్టేజీ పెరుగుతుంది, పట్టాల మీద ఎన్ని ఇంజిన్లుంటే అన్నీ ఒకేసారి బయల్దేరతాయి. ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడపాలంటే ట్రాక్‌ని ముక్కలుగా విడగొట్టి, ముక్కకో స్విచ్చి పెట్టుకోవాలి. డీసీసీలో పట్టాల్లో వోల్టేజీ ఎప్పుడూ ఒకటే, హెచ్‌ఓకి సుమారు 14, 15 వోల్టులు. కాకపోతే అది సెకనుకి వేలసార్లు దిశ మారుతుంటుంది, ఆ మార్పు ఎంతసేపటికి జరిగిందన్న దాన్లోనే సందేశం ఉంటుంది. 58 మైక్రోసెకన్లకి మారితే 1, 100కి గానీ అంతకన్నా ఆలస్యంగా గానీ మారితే 0. ఇంజిన్ కడుపులో ఉన్న డీకోడర్, హాజరు పిలిచేటప్పుడు తన రోల్ నంబరుకే పలికే పిల్లాడిలా, తన నంబరుకి వచ్చిన మాటకే కదులుతుంది, మిగతావి పట్టించుకోదు.

గుండ్రటి లైను, ఒకే ఇంజిన్, నడిపేది ఆరేళ్ల పిల్లాడు, ఇంతే అయితే డీసీసీ జోలికి పోకండి, ఆ డబ్బుతో ఇంకో నాలుగు బోగీలు కొనుక్కోండి. ఒకే స్టేషన్లో ప్యాసింజర్ ఆగి ఉండగా పక్క లైన్లో గూడ్స్ షంటింగ్ చేయాలనిపించిన రోజున డీసీసీ గురించి ఆలోచించండి. మధ్యేమార్గంగా కొన్ని సిస్టమ్‌లలో డీకోడర్ లేని పాత ఇంజిన్‌ని 0 నంబరు మీద నడపొచ్చంటారు. నడుస్తుంది, కానీ నిలబడి ఉన్నప్పుడు కూడా మోటారు దోమలా కూస్తూ వేడెక్కుతుంది, కోర్‌లెస్ మోటారైతే కాలిపోతుంది. నేనైతే ఆ పని చేయను.

ఇక అందరూ పొరబడేది ఒకటుంది. డీసీసీ అనేది స్టాండర్డ్. జర్మనీలో లెంజ్ కంపెనీ 1980ల చివర్లో తయారు చేసిన పద్ధతి ఆధారంగా 1990ల్లో అమెరికాలోని ఎన్ఎంఆర్ఏ, అంటే నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, దాన్ని ప్రమాణంగా చేసింది. అందువల్ల ఏ కంపెనీ డీకోడర్ అయినా ఏ కంపెనీ కమాండ్ స్టేషన్‌తోనైనా (మన ఆజ్ఞని సంకేతంగా మార్చి పట్టాల్లోకి పంపే డబ్బా) పనిచేస్తుంది. ఇది విని అన్నీ ఒకటే కదా అనుకుంటారు. కాదు. ప్రమాణం పట్టాల వరకే. చేత్తో పట్టుకునే థ్రాటిల్‌కీ కమాండ్ స్టేషన్‌కీ మధ్య ఉన్న వైరు ఎవరిది వాళ్లదే: డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్‌ది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఎన్‌సీఈది క్యాబ్ బస్. ఒకదాని థ్రాటిల్ ఇంకోదానికి తగిలించలేరు. డీకోడర్లు ఈ ఏడు ఒకరివి, వచ్చే ఏడు ఇంకొకరివి కొనుక్కోవచ్చు, థ్రాటిల్ మాత్రం పెళ్లిలాంటిది, అత్తవారింటి మొత్తంతో సంబంధం కలుపుకున్నట్టే. అందుకే డబ్బా మీద రాసిన ఫీచర్ల జాబితా చూసి కొనకండి, రెండేళ్ల తరవాత రెండో థ్రాటిల్, బూస్టర్ (పట్టాలకి కరెంటు అందించే పెట్టె), అడాప్టర్ ఎక్కడ దొరుకుతాయో చూసి కొనండి.

ఆంపియర్ల దగ్గర జనం అనవసరంగా భయపడతారు. ఇప్పటి హెచ్‌ఓ ఇంజిన్ నడిచేటప్పుడు పావు నుంచి అర ఆంపియర్ తీసుకుంటుంది, సౌండ్ ఉంటే కాస్త ఎక్కువ, పాత కాలపు మోటార్లు ఒక ఆంపియర్ దాటొచ్చు. బీరువాలో ఎన్ని ఇంజిన్లున్నాయో కాదు, ఒకేసారి ఎన్ని కదులుతాయో లెక్క. ఒక్కడే నడుపుకునే బల్లకి 2, 3 ఆంపియర్లు బోలెడు. పెద్ద హాల్లో నలుగురు కూర్చుని నడిపితే 5 కావాలి. అంతకు మించి ఒకే బూస్టర్ నుంచి లాగాలని చూడకండి, 8 ఆంపియర్ల బూస్టరైతే, పట్టాలు తప్పిన బోగీ చక్రం అడ్డంగా షార్ట్ చేసినప్పుడు ఆ 8 ఆంపియర్లూ ఆ చిన్న చక్రం గుండానే పోతాయి.

మన దేశంలో ఉన్నవాళ్లకి అసలు దెబ్బ కస్టమ్స్ దగ్గర. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. స్కేల్ మోడల్ రైళ్లు కూడా కస్టమ్స్ లెక్కలో బొమ్మలతో కలిపే ఉంటాయి, మనం ఎంత "ఇది బొమ్మ కాదు సార్" అన్నా. పైన జీఎస్టీ. కాబట్టి విదేశంలో ఉన్న ధర చూసి రూపాయల్లోకి మార్చి మురిసిపోవద్దు. బావమరిదో మేనకోడలో వస్తూ సూట్‌కేసులో తెచ్చే బాపతైతే ఒక్క సంగతి ముందే చెప్పండి: అడాప్టర్ మీద 100–240 వోల్ట్స్ అని ఉందో లేదో చూసి తెమ్మనండి. అమెరికా పాత సెట్లలో 110 వోల్టుల అడాప్టర్లు ఉండేవి, మన 230లో పెడితే ఒక్క చిటపట, అంతే. కొన్ని రేడియో హ్యాండ్‌సెట్లు కూడా అక్కడి ఫ్రీక్వెన్సీ మీద చేసినవి, వైఫై ఉన్నది తీసుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇప్పుడు ఒక్కొక్కటే చెప్తాను. అన్నీ చెప్పను, నాకు తెలిసినంతవరకు.

బాక్‌మన్ ఈ-జడ్ కమాండ్: సెట్‌తో పాటు వచ్చే చిన్న డబ్బా. పది నంబర్ల బటన్లు, ఒక నాబ్, ఒక ఆంపియర్. ఇంజిన్‌కి నంబరు ఇవ్వగలదు, అంతకు మించి డీకోడర్ లోపలి సెట్టింగ్ ఒక్కటీ మార్చలేదు. డీసీసీలో సగం రుచి ఆ సెట్టింగుల్లోనే ఉంది. సెట్‌లో ఊరికే వస్తే ఉంచుకోండి, విడిగా కొనకండి.

ఎన్‌సీఈ పవర్ క్యాబ్: మొదటిసారి డీసీసీలోకి వచ్చేవాళ్లకి, సోల్డరింగ్ అంటే చేతులు వణికేవాళ్లకి నేను చెప్పే పేరు ఇదే. టీవీ రిమోట్‌లా ఉండే హ్యాండ్‌సెట్‌లోనే కమాండ్ స్టేషన్ ఉంటుంది, స్క్రీన్ మీద ఏం చేయాలో మాటల్లో అడుగుతుంది, మనం అంకెలు నొక్కుకుంటూ పోవడమే. సుమారు 2 ఆంపియర్లు. లోటు ఏమిటంటే, మెదడు చేతిలోనే ఉంది కాబట్టి దాన్ని ప్యానెల్ నుంచి ఊడదీస్తే లేఅవుట్ మొత్తం ఆగిపోతుంది. బల్ల అటు చివరికి వెళ్లి తగిలించుకుంటానంటే కుదరదు, దానికి తరవాత విడిగా బూస్టర్ కొనాలి. అప్పుడు అది 5 ఆంపియర్లవుతుంది, కాబట్టి మొదటి ఖర్చు వృథా కాదు.

డిజిట్రాక్స్ జెఫిర్ ఎక్స్‌ప్రెస్: 3 ఆంపియర్లు, బల్ల అంచున పెట్టుకునే డెస్క్ మోడల్. పెద్ద నాబ్, పక్కన దిశ మార్చే మీట. అర్ధరాత్రి లైటు తీసేసి నడుపుకునేవాళ్లకి ఆ మీట చేతికి తగలడంలోనే ఆనందం ఉంది, ఆ ముచ్చట నేను ఒప్పుకుంటాను. యూఎస్‌బీ అందులోనే ఉంది, కంప్యూటర్‌కి తగిలించడానికి ఇంకో పెట్టె అక్కర్లేదు. సిగ్నళ్లు, ఏ లైన్లో బండి ఉందో కనిపెట్టే డిటెక్టర్లు ఎప్పటికైనా పెట్టాలనుకుంటే లోకోనెట్ మంచి పునాది. కానీ ఆ కంపెనీ హ్యాండ్‌సెట్ల బటన్ల వరస నాకు ఎన్నిసార్లు చూసినా గుర్తుండదు, పుస్తకం పక్కన పెట్టుకునే నడపాలి. గుర్తుండేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి దండం.

రోకో జడ్21: నల్లదీ తెల్లదీ రెండున్నాయి, చాలామంది తెల్లదాన్ని నల్లదనుకుని మోసపోతారు. నల్ల జడ్21 3 ఆంపియర్ల పైచిలుకు ఇస్తుంది, వెనక లోకోనెట్, ఎక్స్‌ప్రెస్‌నెట్ రెండిటికీ సాకెట్లు ఉన్నాయి, అంటే నేను ఇందాక చెప్పిన పెళ్లి నియమానికి ఇది మినహాయింపు. సెకండ్ హ్యాండ్‌లో ఆ రెండు రకాల్లో ఏ థ్రాటిల్ దొరికినా తగిలించుకోవచ్చు. స్టార్టర్ సెట్లలో వచ్చే తెల్లది వేరే. బాక్సులోంచి తీసినప్పుడు వైరున్న మల్టీమౌస్ అనే హ్యాండ్‌సెట్‌తో మాత్రమే నడుస్తుంది, వైఫై కావాలంటే రూటర్, దానితో పాటు అన్‌లాక్ కోడ్ విడిగా కొనాలి. పాతది కొంటుంటే కోడ్ వేశారా లేదా అని అడిగి, ఫోన్‌తో ఒకసారి నడిపించి చూసి డబ్బివ్వండి. ఫోన్ యాప్ చాలా అందంగా ఉంటుంది, ట్రాక్ బొమ్మ గీసుకుని పాయింట్ల (బండి లైను మారే చోట్ల) మీద వేలితో తడితే మారతాయి.

మెర్క్‌లిన్ సెంట్రల్ స్టేషన్ 3, ఈఎస్‌యూ ఈకోస్: పెద్ద కలర్ స్క్రీన్లు, రెండు నాబ్‌లు, ఒక్క బటన్‌తో యార్డు నుంచి మెయిన్ లైన్ దాకా దారంతా సెట్ చేసేయొచ్చు. పిండి కొద్దీ రొట్టె. మూడు పట్టాల మెర్క్‌లిన్ ట్రాక్ ఉన్నవాళ్లు అటూ ఇటూ చూడకుండా మెర్క్‌లిన్ దారిలోనే ఉండండి, వాళ్ల ఎంఎఫ్‌ఎక్స్ రకం డీకోడర్ ఉన్న ఇంజిన్‌ని పట్టాల మీద పెడితే చాలు, పేరూ ఊరూ తనే చెప్పుకుంటుంది, నంబర్ల తలనొప్పే లేదు. రెండు పట్టాల వాళ్లం అంత డబ్బు స్క్రీన్ మీద పెట్టడం నాకు మనసొప్పదు.

హార్న్‌బీ హెచ్‌ఎం7000 ఆలోచనే వేరు. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో నేరుగా డీకోడర్‌తోనే మాట్లాడుతుంది, పట్టాల్లో కరెంటు ఉంటే చాలు, మధ్యలో కమాండ్ స్టేషన్ అక్కర్లేదు. ఒకటి రెండు ఇంజిన్లున్న ఓఓ స్కేల్ (బ్రిటన్‌లో వాడే సైజు) వాళ్లకి బ్రహ్మాండం. కానీ అలా నడపాలంటే ప్రతి ఇంజిన్‌లో ఆ డీకోడరే ఉండాలి, అంటే స్టాండర్డ్ ఇచ్చిన స్వేచ్ఛని మన చేత్తో మనమే వదులుకుంటున్నాం.

ఇక నేను వాడేది: డీసీసీ-ఈఎక్స్. ఇది కంపెనీ వస్తువు కాదు, ఓపెన్ సోర్స్. 2015లో డీసీసీ ప్లస్ ప్లస్ పేరుతో వచ్చినదాన్ని తరవాత కొందరు ఔత్సాహికులు కలిసి పెంచారు. ఆర్డ్యునో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద మోటార్ షీల్డ్ (పట్టాలకి కరెంటు పంపే బోర్డు), వైఫైకి ఒక చిన్న బోర్డు, 15 వోల్టుల అడాప్టర్. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఒక్క మధ్యాహ్నంలో అన్నీ దొరుకుతాయి. నాకు మొత్తం మూడు వేల లోపే అయింది, సుంకం లేదు, బావమరిది లేడు. సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇన్‌స్టాలరే ఎక్కించేస్తుంది, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: షీల్డ్ అడుగున "విన్ కనెక్ట్" అని ఒక సన్నని గీత ఉంటుంది, దాన్ని బ్లేడుతో తెంచాలి, లేకపోతే ఆ 15 వోల్టులూ కింద ఉన్న ఆర్డ్యునోలోకి ఎక్కుతాయి. నేను బ్లేడుతో గీసి, భూతద్దంలో చూసి, మల్టీమీటర్ పెట్టి బీప్ రాలేదని మూడుసార్లు చూసుకుని అప్పుడు కరెంటిచ్చాను. మామూలు షీల్డ్ ఒకటిన్నర ఆంపియర్ దాటితే బాగా వేడెక్కుతుంది, రెండు మూడు రైళ్లకి సరిపోతుంది, అంతకు మించితే వాళ్లదే 5 ఆంపియర్ల షీల్డ్ తెప్పించుకోవాలి. దీనికి కస్టమర్ కేర్ నంబరు ఉండదు. ఆదివారం సాయంత్రం ఎందుకో పనిచేయకపోతే మనమే బల్ల కింద పడుకుని వెతుక్కోవాలి. ఆ టెన్షన్ వద్దనుకునేవాళ్లు వేరేది కొనుక్కోవడమే మంచిది.

థ్రాటిల్‌గా పాత ఫోన్ సరిపోతుందా? సరిపోతుంది, ఒక చికాకుతో. ఎంజిన్ డ్రైవర్ అనే యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితం. గ్లాసు మీద స్లైడర్ జరుపుతూ ఇంజిన్ వైపు చూస్తుంటే వేలు ఎక్కడుందో తెలీదు, కప్లింగ్ దగ్గరికి మెల్లగా రావాల్సిన ఇంజిన్ వచ్చి బోగీని గుద్దుతుంది. మా అక్క కొడుకు రెండు రోజులాడి కనిపెట్టి చెప్పాడు: ఆ యాప్‌లో ఫోన్ వాల్యూమ్ బటన్లతో స్పీడు పెంచి తగ్గించొచ్చు. మావయ్యా, చూడకుండా నడపొచ్చు అన్నాడు. నిజమే, అప్పట్నుంచి షంటింగ్ అంతా వాల్యూమ్ బటన్ల మీదే. ఇంకో మాట, ఇంటి రూటర్ మీద ఆధారపడకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు రూటర్ ఆగి మళ్లీ లేచేదాకా మీ రైళ్లు అనాథలు. డీసీసీ-ఈఎక్స్ సొంతంగా వైఫై ఇవ్వగలదు, ఫోన్ని దానికే కలపండి.

ప్రోగ్రామింగ్ ట్రాక్ గురించి కూడా కొనేముందు చూసుకోవాలి. కొత్త డీకోడర్ ఏదైనా 3 నంబరుతో వస్తుంది, దాన్ని మార్చడానికి ఇంజిన్‌ని ఒక విడి పట్టా ముక్క మీద పెట్టి రాస్తాం. ఆ ముక్కకి వేరే అవుట్‌పుట్ ఉన్న సిస్టమ్ అయితే నిశ్చింత. ఒకే అవుట్‌పుట్ ఉంటే రాసేముందు మిగతా ఇంజిన్లన్నీ పట్టాల మీంచి తీసేయాలి, లేకపోతే అన్నిటికీ ఆ నంబరే ఎక్కుతుంది. నాకు రెండు అవుట్‌పుట్‌లూ ఉన్నాయి, అయినా అతి తెలివికి పోయి ఆ ముక్కని మెయిన్‌లోకి కలిపేందుకు ఒక టాగుల్ స్విచ్ పెట్టి, ఒకరోజు దాన్ని తిప్పడం మర్చిపోయి 1742 అని రాశాను. తరవాత స్పీడ్ పెంచితే ప్లాట్‌ఫాం మీద ప్యాసింజర్, యార్డులో గూడ్స్, కొత్త ఇంజిన్ మూడూ ఒకేసారి కదిలాయి, గూడ్స్ వెళ్లి బఫర్‌ని తన్నింది. మళ్లీ ఒక్కోదాన్నీ తీసి, సీవీ 8లో, అంటే డీకోడర్ లోపల సెట్టింగులు దాచే అరల్లో ఎనిమిదోదాన్లో, 8 రాసి ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, నంబర్లన్నీ మొదట్నుంచి ఇచ్చుకున్నా. చాలా డీకోడర్లకి ఈ చిట్కా పనిచేస్తుంది, కానీ పాత సెట్టింగులన్నీ పోతాయి. అందుకే కంప్యూటర్‌కి కలిసే సిస్టమ్ తీసుకోమంటాను. జేఎంఆర్ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఇంజిన్ సెట్టింగులు దాచుకోవచ్చు, ఇలాంటి రోజున మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఏ డబ్బా కొన్నా కింద వైరింగ్ బాగోకపోతే అన్నీ ఒకటే. బల్ల పొడవునా ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎరుపూ నలుపూ రెండు లాగండి, ప్రతి మూడడుగులకీ దాని నుంచి పట్టాలకి సన్న వైరు (ఫీడర్) సోల్డర్ చేయండి. పట్టా ముక్కల్ని కలిపే ఫిష్‌ప్లేట్లని నమ్మొద్దు. తరవాత అయిదు రూపాయల బిళ్ల తీసుకుని రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టండి, పెట్టిన ప్రతిచోటా సిస్టమ్ టక్కున ట్రిప్ అవ్వాలి. నేను మొదటిసారి యార్డు చివర్లో పెట్టినప్పుడు ఏమీ అవలేదు. ఇంజిన్ లైట్లు కాస్త మసకేశాయి, అంతే. బిళ్ల తీద్దామని వేలు పెడితే ఫిష్‌ప్లేట్ చురుక్కుమంది, దాని కింద ప్లాస్టిక్ స్లీపర్ మెత్తబడి వాసన వస్తోంది. వైరు సన్నగా ఉంటే షార్ట్ అయినా బూస్టర్‌కి తెలిసేంత కరెంటు పోదు, ఆ వేడంతా పట్టాల దగ్గరే ఉండిపోతుంది. అక్కడ ఇంకో జత ఫీడర్లు వేశాక బిళ్ల పెట్టగానే ట్రిప్పయింది.

సౌండ్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, అది కమాండ్ స్టేషన్‌లో ఉండదు, డీకోడర్‌లో ఉంటుంది. కాజీపేట షెడ్ డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ శబ్దం వింటూ పెరిగినవాళ్లు అమెరికా ఆల్కో 251 ఇంజిన్ సౌండ్ ఉన్న డీకోడర్ తీసుకోండి, మన డబ్ల్యూడీఎం-2 కడుపులో ఉన్నది ఆ 251 ఇంజినే. హారన్ మాత్రం మనది కాదు, అది వినగానే కల చెదిరిపోతుంది, నేనైతే హారన్ నొక్కడమే మానేశాను.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి నా సలహా వేరు. మీకు సుంకం గొడవ లేదు, దగ్గర్లో క్లబ్బు ఉంటుంది. అమెరికాలో అయితే ఆ క్లబ్బులో డిజిట్రాక్స్ ఉంటే డిజిట్రాక్స్, ఎన్‌సీఈ ఉంటే ఎన్‌సీఈ, కళ్లు మూసుకుని అదే కొనండి, మీ థ్రాటిల్ పట్టుకెళ్లి వాళ్ల లేఅవుట్ మీద నడపొచ్చు, అర్థం కాకపోతే పక్కనున్న పెద్దాయన చూపిస్తాడు. జర్మనీలో రెండు పట్టాల వాళ్లయితే నల్ల జడ్21.

ఇక్కడ పాతది కొనేవాళ్లు వెళ్లేటప్పుడు మీ ఇంజిన్ ఒకటి, అడుగు పొడవు పట్టా ముక్క ఒకటి సంచీలో వేసుకెళ్లండి. పట్టా మీద ఇంజిన్ పెట్టి సీవీ 8 చదివించండి. అందులో డీకోడర్ చేసిన కంపెనీ నంబరు ఉంటుంది, ఈఎస్‌యూ అయితే 151, జిమో అయితే 145, లెంజ్ అయితే 99. సరైన అంకె చూపిస్తే చదివే భాగం బాగున్నట్టు. తరవాత బిళ్ల పెట్టి ట్రిప్పయి మళ్లీ తనంతట తాను లేస్తుందో లేదో చూడండి. అమ్మేవాళ్లు "అదెందుకు సార్, బాగానే ఉంది" అని చెయ్యి అడ్డం పెడితే పట్టా ముక్క సంచీలో వేసుకుని వచ్చేయండి.